పదకొండు రోజుల సొంత ఈ-సిగరెట్, పన్నెండు వారాల గమ్

ఒంగోలు ట్రంక్ రోడ్డులో నాకు సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. పోయిన నెలలో ఒక సాయంత్రం ముగ్గురు ఇంటర్ పిల్లలు వచ్చి, "అన్నా, చిన్న సైజు పాత బ్యాటరీలు ఉంటే ఇస్తావా?" అని అడిగారు. దేనికంటే సైన్సు ప్రాజెక్టుకు అన్నాడు ఒకడు. ఇంకొకడు నవ్వు ఆపుకోలేక రోడ్డు వైపు తిరిగాడు. మూడోవాడి ఫోనులో ఆగి ఉన్న వీడియో చూశాక విషయం అర్థమైంది. ఇంట్లో దొరికే వస్తువులతో ఈ-సిగరెట్, అంటే నికోటిన్ కలిపిన ద్రవాన్ని బ్యాటరీతో వేడి చేసి ఆవిరి పీల్చే గొట్టం, ఎలా చెయ్యాలో చూపించే వీడియో అది.

నేను ఇవ్వలేదు. అయినా పాత బ్యాటరీ దొరకడం ఊళ్ళో పెద్ద కష్టమేమీ కాదు, ఇంకో షాపులో దొరుకుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పని నేనూ చేశాను, పదకొండు రోజులు వాడాను కూడా. ఎలా చేశానో ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను. వాడితే ఎలా ఉందో, ఆ తర్వాత సిగరెట్ మానడానికి నేను వాడిన నికోటిన్ గమ్, సిగరెట్ ప్యాకెట్ మీద ఉండే సాయం నంబరు ఎలా పనిచేశాయో మాత్రం దాచకుండా చెప్తాను.

మాది టంగుటూరు దగ్గర పల్లె. నాన్న వర్జీనియా పొగాకు వేసేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి మంచుకు తడిసిన ఆకు మోపులు మోశాను. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి, చల్లని చెమటలు పట్టి, గట్టు మీద కూర్చుని వాంతులు చేసుకున్నాను. "ఆకు కొట్టింది" అన్నారు పెద్దవాళ్ళు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగితే అలా అవుతుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా నాన్న పొగాకు కషాయం కాచి కూరగాయల మీద పురుగులకు చల్లేవాడు. అంటే నికోటిన్ ఏమిటో మా ఇంట్లో అందరికీ చేతుల మీదుగానే తెలుసు. అయినా పాలిటెక్నిక్‌లో సిగరెట్ మొదలుపెట్టాను, పదిహేడేళ్ళు తాగాను. చివరికి రోజుకు పదిహేను దాకా వచ్చింది.

మా పాపకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఒకరోజు వాళ్ళమ్మతో, "నా యూనిఫారం నాన్న చొక్కా పక్కన తగిలించొద్దమ్మా" అంటుంటే విన్నాను. పిల్ల నాతో ఏమీ అనలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మానెయ్యాలనుకున్నాను. కానీ సిగరెట్ మానడమంటే సిగరెట్ బదులు ఇంకోటి తాగడమే అనుకున్నాను, అక్కడే తప్పు జరిగింది. అంతకుముందు దుబాయ్ నుంచి వచ్చిన స్నేహితుడి దగ్గర ఈ-సిగరెట్ రెండుసార్లు లాగి చూశాను. మన దేశంలో అవి దొరకవు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో చట్టమైంది. తయారు చేయడం, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధమే. తయారీకి, అమ్మకానికి మొదటిసారైతే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది తెలిసే చేశాను. రోజూ ఫోన్లు విప్పే చేతులకు ఇదెంత పని అనుకున్నాను. చెయ్యకుండా ఉండాల్సింది.

ఇక ఆ వస్తువు సంగతి. షాపు డ్రాయరులో ఉన్నవి, వంటింట్లో దొరికినవి, మందుల షాపులో ఎవరికైనా ఇచ్చేవి కలిపి చేసింది. చూడ్డానికి లావుపాటి మార్కర్ పెన్నులా ఉండేది. మొదటిరోజు రాత్రి తెల్లటి ఆవిరి వచ్చినప్పుడు నాకు చాలా సంతోషమైంది. రిపేరు చేసేవాళ్ళకు ఈ బలహీనత ఉంటుంది. ఒక వస్తువు నడిచిందంటే అది బాగుందనే అనుకుంటాం. ఫోనుకైతే అది సరిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయే ఆవిరిలో ఏముందో చూడ్డానికి నా టేబుల్ మీద ఏ మీటరూ లేదు. మల్టీమీటరు వోల్టులు చూపిస్తుంది, విషం చూపించదు. ఆ ఆలోచన నాకు ఆ రాత్రి రాలేదు.

మూడో రోజున మాడు వాసన మొదలైంది. బజ్జీల బండి మీద మూకుడులో నూనె బాగా కాగి మాడితే కళ్ళు మండుతాయి చూడండి, ఆ ఘాటే గొంతులో. అందులో అక్రోలిన్ అనే పదార్థం ఉంటుంది. నూనెల్లో ఉండేదీ, మందుల షాపులో అమ్మేదీ ఒకే గ్లిజరిన్. వేడి మితిమీరితే అది విరిగి ఈ అక్రోలిన్ పుడుతుంది, దానికి తోడు ఫార్మాల్డిహైడ్ కూడా. కంపెనీవాళ్ళు చేసే పరికరాల్లో చాలావాటికి వేడిని అదుపులో ఉంచే సర్క్యూట్ ఉంటుంది. నాదాంట్లో వేడి ఎంతో నాకే తెలియదు. ఒక్కో పీల్పుకు ఒక్కోలా ఉండేది. లోపల తడి ఆరిపోయినప్పుడు ఉత్త మాడిన దూది పొగే వచ్చేది.

ఆరో రోజుకు పొడి దగ్గు. ఎనిమిదో రోజు పొద్దున నాలుక మీద పాత నాణెం చప్పరించినట్టు రుచి. ఆ రుచి నాకు బాగా భయం పుట్టించింది, ఎందుకంటే దాని సంగతి నా వృత్తి నాకు చెప్పింది. నేను షాపులో తీగలు అతికించడానికి వాడే సోల్డరు తగరం, సీసం కలిసినది. 183 డిగ్రీలకే కరుగుతుంది. ఆవిరి పుట్టించే చోట వేడి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. వేడెక్కే తీగలో నికెల్, క్రోమియం ఉంటాయి. ఆ పక్కనే ప్లాస్టిక్. వీటిలో ఏది ఎంత నా ఛాతీలోకి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు.

నికోటిన్ సంగతి ఇంకా దారుణం. సిగరెట్‌లో పీల్చినకొద్దీ అది కాలి అయిపోతుంది, మనిషి అక్కడ ఆగుతాడు. దీనికి ఆ హద్దు లేదు. తొమ్మిదో రోజు రాత్రి ఒక ఫోను మదర్‌బోర్డు ఎంతకీ బాగుపడక గంటసేపు పక్కన పెట్టుకుని లాగుతూనే ఉన్నాను. కళ్ళు తిరిగాయి, చల్లని చెమట పట్టింది, షటరు పక్కన కాలువలో వాంతి చేసుకున్నాను. ఎనిమిదేళ్ళప్పుడు గట్టు మీద పడ్డ బాధే ఇది, కొంచెం కూడా తేడా లేదు. ఆకు కొట్టింది. ఆ ద్రవం ఉన్న చిన్న సీసా నా బ్యాగులో ఉండేది, ఆ బ్యాగులోనే పాప రోజూ చాక్లెట్ల కోసం వెతికేది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

పదకొండో రోజు అద్దంకి బస్టాండ్ దాటి స్కూటర్ మీద ఇంటికి పోతున్నాను. చొక్కా జేబులో వేడి తగిలింది. ఎండ అనుకున్నాను. నాలుగు క్షణాల్లో అది ఛాతీ మీద ఇస్త్రీ పెట్టె ఆనించినట్టయింది. బండి పక్కకు తీసే లోపు బుస్సుమని శబ్దం, ఘాటైన తియ్యటి వాసన, పొగ. జేబు చింపి రోడ్డు మీద పారేశాను. అక్కడ అది కాసేపు మంటతో కాలింది. లిథియం బ్యాటరీ లోపల షార్టయితే దాని వేడి దానికే ఆజ్యం అవుతుంది, ఆపడం మన చేతిలో ఉండదు. ఫోనులో ఉన్నప్పుడు దానికి రక్షణగా ఒక చిన్న సర్క్యూట్, గట్టి పెట్టె ఉంటాయి. నేను చేసినదాంట్లో ఏం ఉంటుంది! ఎడమవైపు ఛాతీ మీద రూపాయి బిళ్ళంత మచ్చ నాకు ఇంకా ఉంది. అది మూతి దగ్గర పెట్టుకునే వస్తువని మరిచిపోకండి. జేబులో ఉన్నప్పుడు పేలడం నా అదృష్టం.

ఆ వస్తువుకు నేనిచ్చే మార్కులు సున్నా. చేసింది నేనే అయినా సున్నానే.

ఆ పిల్లలు చెప్పిన మాట ఒకటుంది, దానికి జవాబు చెప్పాలి. "అన్నా, అందులో వేసేవన్నీ తినేవేగా, ఏమవుతుంది?" నేనూ అదే అనుకున్నాను. తినేది కడుపుకు పోతుంది, కడుపుకు దాన్ని అరిగించుకునే ఏర్పాటు ఉంది. ఊపిరితిత్తులకు గాలి తప్ప ఇంకేదీ అలవాటు లేదు. అమెరికాలో పాప్‌కార్న్‌కు వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ అనే పదార్థం తింటే ఎవరికీ ఏమీ కాలేదు. దాని ఆవిరి రోజంతా పీల్చిన ఫ్యాక్టరీ పనివాళ్ళకు మాత్రం సన్నటి గాలిగొట్టాలు మూసుకుపోయి, మళ్ళీ బాగుపడని జబ్బు వచ్చింది. 2000లో మిస్సోరీ రాష్ట్రంలో బయటపడింది ఇది. ఇంకోటి, విటమిన్ ఇ. మనం మాత్రలుగా మింగుతాం, ముఖానికి రాసుకునే క్రీముల్లో ఉంటుంది. 2019లో అమెరికాలో వేపింగ్ చేసేవాళ్ళు, అంటే ఇలాంటి ఆవిరి పీల్చేవాళ్ళు, ఒక్కసారిగా ఆయాసంతో ఆస్పత్రులకు వచ్చారు. 2020 ఫిబ్రవరికి 2,807 కేసులు, 68 మరణాలు లెక్క తేలాయి. వాళ్ళలో చాలామంది వాడినది తెలిసినవాళ్ళ దగ్గరో, బయట అనామకుల దగ్గరో కొన్న గంజాయి సారం ద్రవాలు. వాటిలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ అసిటేటే ప్రధాన కారణమని తేలింది. ఇంట్లో కలిపిన ద్రవం, సందులో కొన్న ద్రవం, రెండిటికీ లేబుల్ ఉండదు.

మరి కంపెనీ చేసినవి మంచివా అని అడుగుతారు. 2003లో చైనాలో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు ఇప్పటి తరహా ఈ-సిగరెట్‌ను తయారు చేశాడు. ఇంగ్లండ్‌లో పొగ మానాలనుకునే పెద్దవాళ్ళకు దాన్నొక దారిగా చెప్తారు కూడా. కానీ అక్కడ ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు, మూత పిల్లలు తియ్యలేనిదై ఉండాలి. అనుమతి ఉన్న చోటే అంత కట్టడి. మన దగ్గర అసలు అనుమతే లేదు. పెన్ను గొట్టంతో చేసుకున్నదాన్ని దాంతో పోల్చడానికి లేదు.

ఇప్పుడు రెండో సంగతి, ఇది చెప్పడానికే అసలు కూర్చున్నాను. సిగరెట్ ప్యాకెట్ మీద 85 శాతం జాగా బొమ్మకూ, హెచ్చరికకూ పోతుంది. 2018 సెప్టెంబరు నుంచి దాంట్లో ఒక నంబరు కూడా అచ్చు వేస్తున్నారు: 1800-11-2356. ఐదేళ్ళు ఆ నంబరును జేబులో పెట్టుకుని తిరిగాను, ఒక్కసారి కూడా చదవలేదు. కాలిన చోట కట్టు కట్టించుకుని వచ్చిన రోజు మా ఆవిడే ఖాళీ ప్యాకెట్ తెచ్చి, "దీనికి చెయ్యండి, ఏమంటారో విందాం" అంది.

పొగాకు మానాలనుకునేవాళ్ళకు ఫోనులో సాయం చేసే ఉచిత నంబరు ఇది. ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 2016లో మొదలైంది, తర్వాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట్లకూ విస్తరించింది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, సోమవారం సెలవు. హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడాలేమో అని బెరుకుగా ఉంది. తెలుగులోనే మాట్లాడారు. ఒక మేడమ్. నేను తిట్లకు సిద్ధపడి ఉన్నాను, ఆవిడ ఒక్క మాట కూడా తిట్టలేదు. "పొద్దున లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి తాగుతారండీ?" అని అడిగారు. పది నిమిషాలకన్నాను. ఆ ఒక్క ప్రశ్నతోనే అలవాటు ఎంత గట్టిదో తెలుస్తుందట. ఇంట్లో చేసుకున్నదాని గురించి కూడా చెప్పేశాను. దగ్గు తగ్గకపోతే ఛాతీ డాక్టరుకు చూపించుకోమన్నారు, చూపించుకున్నాను.

మానే తేదీ నన్నే చెప్పమన్నారు. సంక్రాంతికి ఊళ్ళో అందరం కలుస్తాం, పేకాట, సిగరెట్లు తప్పవు, అందుకని ముక్కనుమ మర్నాడు అన్నాను. సరే అన్నారు. ఆ లోపల ఏయే సమయంలో చెయ్యి జేబులోకి పోతుందో ఒక నోటుబుక్కులో రాసుకోమన్నారు. రాస్తే నాకే ఆశ్చర్యం వేసింది. టీ తర్వాత, భోజనం తర్వాత అని ముందే అనుకున్నాను. అన్నిటికన్నా ఎక్కువ మాత్రం సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టిన వెంటనే. ఆ టప్‌మనే చప్పుడు వింటే చాలు, చెయ్యి దానంతటదే లేచేది. "ఆ చేతిలో ఏం పెడతారో ఇప్పుడే అనుకోండి" అన్నారు మేడమ్. వక్కపొడి అన్నాను. "వద్దండీ, వక్క కూడా క్యాన్సర్ తెచ్చేదే" అన్నారు. సోంపు డబ్బా పెట్టుకున్నాను. మనసు లాగినప్పుడు కాసేపు వాయిదా వెయ్యడం, నీళ్ళు తాగడం, గట్టిగా ఊపిరి తీసుకోవడం, వేరే పనిలో పడటం. చెప్పినవి ఇవే. చిన్న పనులే కానీ ఎవరో ఒకరు నా కోసం చెప్పడంలో తేడా ఉంది. మానిన రోజున వాళ్ళే ఫోన్ చేశారు. తర్వాత వారంలోనూ చేశారు. ఫోన్ వస్తుందని తెలిస్తే ఆ రోజు సిగరెట్ ముట్టుకోబుద్ధి కాలేదు.

గమ్ గురించి. డాక్టరు గారు 4 మిల్లీగ్రాములది రాసిచ్చారు. లేచిన అరగంట లోపే సిగరెట్ కావాల్సినవాళ్ళకు 4, మిగతావాళ్ళకు 2. మందుల షాపులో స్ట్రిప్ ఇచ్చారే గానీ ఎలా నమలాలో చెప్పలేదు. నేను బబుల్‌గమ్ నమిలినట్టు నమిలేశాను. ఎక్కిళ్ళు, గుండెల్లో మంట, తల తిరుగుడు. దండగ సరుకు అనుకుని పారెయ్యబోయాను. మేడమ్‌తో చెప్తే, "అది నమిలేది తక్కువ, బుగ్గన పెట్టుకునేది ఎక్కువండీ" అని విడమరిచి చెప్పారు. మిరియం కొరికినట్టు చురుక్కుమనేదాకా మెల్లగా నమలాలి. అప్పుడు ఆపి చిగురుకూ బుగ్గకూ మధ్య నొక్కి పెట్టాలి. చురుకు తగ్గాక మళ్ళీ నాలుగుసార్లు నమలాలి. అలా అరగంట. నికోటిన్ నోటి లోపలి చర్మం నుంచే ఎక్కాలి, మింగితే కడుపులో మంట తప్ప ఫలితం ఉండదు. ఇంకో ముఖ్యమైన సంగతి, గమ్ వేసుకునేముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపు కాఫీ, నిమ్మసోడా, కూల్‌డ్రింకుల్లాంటివి తాగకూడదు. నోట్లో పులుపు చేరితే నికోటిన్ ఒంటికి పట్టదు. రోజుకు నాలుగు కాఫీలు తాగే నాకు ఇదే పెద్ద పరీక్ష అయింది.

ఈ గమ్ స్వీడన్‌లో పుట్టింది. జలాంతర్గాముల్లో పొగ తాగడానికి వీలు లేని నావికులు పొగాకు నమిలి సరిపెట్టుకోవడం ఒక శాస్త్రవేత్త గమనించి, మందుల కంపెనీలో పనిచేసే ఓవె ఫెర్నో అనే ఆయనకు చెప్పడంతో 1960ల చివర్లో పని మొదలైందట. 1978లో స్విట్జర్లాండ్‌లో అమ్మకానికి వచ్చింది. అంటే ఒక గమ్ బిళ్ళలో నికోటిన్ ఎంత ఉండాలి, ఎంత మెల్లగా ఊరాలి అని తేల్చడానికి చదువుకున్నవాళ్ళకు పదేళ్ళు పట్టింది. నేను రెండు రాత్రుల్లో చేశాను.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. నేను కొన్న రకానికి పైపూత గట్టిగా ఉంటుంది, నా దవడ పన్ను సిమెంటు ఒకటి ఊడింది. పుదీనా వాసన మూడో వారానికి మొహం మొత్తింది. దవడలు నొప్పి పుడతాయి. మొదటి నాలుగు రోజులు గమ్ ఉన్నా సరే నరకమే, షాపులో కస్టమర్ల మీద రెండుసార్లు అరిచాను, తర్వాత ఫోన్ చేసి క్షమించమన్నాను. మలబద్ధకం కూడా వచ్చింది, ఇది ఎవరూ ముందు చెప్పరు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, ఆఖరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. ఇలా తగ్గించుకుంటూ పన్నెండు వారాల్లో ఆపాలి. ఖర్చు నాకు సిగరెట్లకు అయ్యేదానికన్నా తక్కువే అయింది. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా వాడకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే స్ట్రిప్ అందని చోట పెట్టండి, అదీ నికోటినే.

ఐదో వారంలో ఒక పెళ్ళిలో ఒక సిగరెట్ తాగాను. మర్నాడు ఆ నంబరుకు నేనే ఫోన్ చేసి చెప్పాను. "ఒకటి తాగితే ఒకటే తాగినట్టండీ, మళ్ళీ మొదటినుంచి మొదలవలేదు, ఇవాళ తాగకండి" అన్నారు. ఆ మాట లేకపోతే ఆ రోజే ప్యాకెట్ కొనేవాణ్ణి. గమ్‌కు పదికి ఏడు ఇస్తాను. ఆ నంబరుకు పదికి పది.

రెండేళ్ళయింది. పాప యూనిఫారం ఇప్పుడు నా చొక్కా పక్కన కొక్కేనికే ఉంటోంది. ఆ సంగతి పిల్ల గమనించిందో లేదో నేను అడగలేదు.

ఆ సాయంత్రం పిల్లలకు చొక్కా గుండీ విప్పి మచ్చ చూపించాను. వీడియోలో ఆవిరి రావడం చూపిస్తారు, పదకొండో రోజు చూపించరు అని చెప్పాను. ఇద్దరు తల వంచుకుని వెళ్ళిపోయారు. నవ్వు ఆపుకోలేకపోయినవాడు మాత్రం మెట్ల దగ్గర ఆగి, మళ్ళీ లోపలికొచ్చాడు. "అన్నా, ఆ నంబరు చుట్ట తాగేవాళ్ళకు కూడా పనికొస్తుందా? మా తాతకు" అన్నాడు. చుట్టకు, బీడీకి, ఖైనీకి, గుట్కాకు అన్నిటికీ అన్నాను. వాడు ఫోను తీసి నంబరు ఎక్కించుకున్నాడు. వెంటనే డయల్ చెయ్యబోతే ఆపాను. ఆ రోజు సోమవారం. రేపు పొద్దున ఎనిమిది దాటాక తాతను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యమన్నాను.